ఫ్లీట్ స్ట్రీట్ వాకింగ్ టూర్: రుమాళ్ల దగ్గర డబ్బు గిట్టింది

తెనాలిలో ముప్పయ్యేళ్లు విలేకరిగా చేసిన మనిషికి రాజుగారి కోట చూపించి లాభం లేదనుకుందో ఏమో, లండన్‌లో ఉన్న మా అమ్మాయి, ఒకప్పుడు పత్రికాఫీసుల వీధిగా పేరున్న ఫ్లీట్ స్ట్రీట్‌లో వాకింగ్ టూర్ బుక్ చేసింది. రెండు గంటలు, మనిషికి 18 పౌండ్లు. రూపాయల్లో లెక్క వేయొద్దు నాన్నా అంది. వేశాను.

మొదటి గంట చప్పగా సాగింది. పత్రికలన్నీ ఆ వీధి వదిలి ఏనాడో వెళ్లిపోయాయి. పాత్రికేయుల చర్చిగా పేరున్న సెయింట్ బ్రైడ్స్ ముందు ఫొటో దిగి ముందుకు నడిచాం.

లడ్‌గేట్ సర్కస్ అనే కూడలి మూల గోడకి ఇంగ్లీషు రచయిత ఎడ్గార్ వాలెస్ కంచు ఫలకం ఉంది. చేపల మార్కెట్ కూలీ ఇంట్లో పెరిగి, 11 ఏళ్లకే ఆ కూడలిలో పేపర్లు అమ్మాడు. 170కి పైగా నవలలు రాశాడు. ‘కింగ్ కాంగ్’ సినిమాకి పనిచేస్తూ 1932లో అమెరికాలో పోయాడు. ఇంత చేసినవాడి పేరు పక్కన ఫలకం మీద చెక్కిన మాట ‘రిపోర్టర్’. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

గైడ్ అరవై దాటిన ఆవిడ. సంచిలోంచి మూడు రుమాళ్లు తీసింది. 1902లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లకీ, అక్కడి డచ్చి సంతతి బోయర్లకీ మధ్య జరిగిన బోయర్ యుద్ధం ముగించడానికి చర్చలు జరుగుతున్నాయి. శిబిరంలోకి విలేకరులని రానివ్వరు, పంపే తంతికి సెన్సారు. వాలెస్ అంతకుముందు సైన్యంలో చేసినవాడు కాబట్టి కాపలావాళ్లలో ఒక స్నేహితుడున్నాడు. ఈయన రైలెక్కి శిబిరం పక్కగా అటూ ఇటూ తిరిగేవాడు. ఆ స్నేహితుడు ఎర్ర రుమాలు చూపిస్తే ఏమీ తేలలేదని, నీలం అయితే చర్చలు కదిలాయని, తెల్లది అయితే సంతకాలు ఖాయమని. ఆ కబురు షేర్ల బేరంలా రాసిన తంతిలో లండన్ చేరింది. ప్రభుత్వం చెప్పకముందే ఆయన పత్రిక డైలీ మెయిల్ అచ్చేసింది. బ్రిటిష్ సేనాధిపతి కిచెనర్ మండిపడి, యుద్ధ విలేకరిగా ఆయన గుర్తింపు రద్దు చేశాడు.

నేను ఆగలేక నా సంగతీ చెప్పాను, అమ్మాయి ఇంగ్లీషు చేసింది. ఒకసారి ఓట్ల లెక్కింపు హాల్లోకి మమ్మల్ని రానివ్వలేదు. లోపలున్న ఏజెంటు కిటికీలోంచి వేళ్లు చూపించాడు, వేలికి వెయ్యి ఓట్ల మెజారిటీ. ఆ అంకె కవర్లో పెట్టి విజయవాడ ఆఖరి బస్సు కండక్టరు చేతికిచ్చాను. గైడమ్మ పుస్తకం తీసి రాసుకుంది.

ఇక లోపాలు. చెవికి పెట్టుకునే పరికరం ఇవ్వరు, బస్సుల మోతలో సగం మాటలు పోయాయి. కూర్చునే చోటు ఒక్కటీ లేదు. అసలైన కథని చివరి ఐదు నిమిషాల్లో ముగించేశారు. 1905లో వాలెస్ సొంత ఖర్చుతో నవల వేసి, హత్య ఎలా జరిగిందో చెప్పినవాళ్లకి 500 పౌండ్ల బహుమతులు ప్రకటించాడు. గెలిచేవాళ్లు ఇంతమందే అని నిబంధన పెట్టడం మరిచాడు. సరైన జవాబులు వచ్చి పడ్డాయి, ఆయన అప్పుల్లో పడ్డాడు. డెస్కులో ఎవరైనా సబ్ ఎడిటర్ ఒకసారి చూసుంటే పోయేది!

ఐదుకి నాలుగు స్టార్లు. ఆదివారం పొద్దున వెళ్లండి, ట్రాఫిక్ తక్కువట. మోకాళ్ల నొప్పులుంటే మడత స్టూలు పట్టుకెళ్లండి. తెల్ల రుమాలు జ్ఞాపకంగా అడిగాను, ఇవ్వలేదు.