హార్స్‌టెయిల్ మొక్క: కొనండి, కానీ నీళ్ల సంగతి నర్సరీ మాట నమ్మొద్దు

మార్చిలో బెంగళూరు లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర నర్సరీల్లో ఒకచోట కొన్నాను, కుండీతో కలిపి 350 రూపాయలు. అక్కడి అబ్బాయిది కోలారు వైపు తెలుగు, "సన్న వెదురక్కా ఇది, రోజు మార్చి రోజు గ్లాసుడు నీళ్లు పోస్తే చాలు" అన్నాడు. వెదురు కాదు, వెదురుకి చుట్టం కూడా కాదు. ఇక నీళ్ల లెక్క పూర్తిగా తప్పు. ఏప్రిల్ ఎండలకి మా బాల్కనీలో కాడల కొసలన్నీ ఎండిపోయాయి, ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు కూర్చుని చదివాను. దీని అసలు పేరు ఈక్విసిటమ్ హైమేల్. యూరప్, ఉత్తర ఆసియా, ఉత్తర అమెరికాల్లో వాగుల ఒడ్డున, తడి ఆరని నేలల్లో పెరిగే మొక్క, దానికి గ్లాసుడు నీళ్లు ఏ మూలకి! ఎండిన కాడలన్నీ మొదలంటా కోసేసి, కుండీని తీసుకెళ్లి నీళ్ల టబ్బులో పెట్టాను. నెల తిరక్కుండానే కొత్త కాడలు పొడుచుకొచ్చాయి, ఇప్పుడు నా నడుము ఎత్తున ఉన్నాయి.

దగ్గర్నుంచి చూస్తే అస్సలు వదలబుద్ధి కాదు. ఆకులు ఉన్నట్టే కనిపించవు, నిటారుగా ఆకుపచ్చ గొట్టాలు, ప్రతి కణుపు దగ్గరా కాటుకతో గీసినట్టు నల్లటి పట్టీ. ఆ పట్టీయే ఆకుల మిగులు. కణుపు దగ్గర పట్టుకుని లాగితే కాడ ఊడొస్తుంది, లోపలంతా బోలు. గోరుతో గీరితే ఆకురాయిలా గరగరమంటుంది, కాడ నిండా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, ఉంటుంది మరి. యూరప్‌లో వెనకట దీంతోనే గిన్నెలు తోమేవాళ్లు, జపాన్‌లో చెక్క నునుపు చేస్తారు. నేను నాలుగు ఎండు కాడలు కలిపి కట్టి మా అమ్మమ్మ ఇత్తడి చెంబు అడుగు రుద్దాను, మసి వదిలింది.

పువ్వు లేదు, గింజ లేదు, ఫెర్నుల్లా స్పోర్లతో, అంటే పొడిలాంటి సన్నటి బీజకణాలతో, వ్యాపిస్తుంది. 30 కోట్ల ఏళ్ల కిందట దీని పాతకాలం చుట్టాలు చెట్లంత ఎత్తు పెరిగి, బురదలో పడి బొగ్గయ్యాయి. అలాంటి వంశంలో మిగిలినది మా బాల్కనీలో ఉందంటే నాకు నిజంగా గర్వంగా ఉంది.

సొంత ఇల్లున్నవాళ్లు మాత్రం పొరపాటున కూడా నేలలో పెట్టకండి. మట్టి లోపల వేరులా పాకుతూ పోయి ఎక్కడెక్కడో లేస్తుంది, తర్వాత తవ్వి తీయడం మన వల్ల కాదు.

మొక్కకి ఐదుకి ఐదు, నర్సరీకి రెండున్నర. మొక్క ఆరోగ్యంగానే ఇచ్చారు, ఆటోలో కదలకుండా బాగా కట్టారు కూడా, పేరు, నీళ్ల సంగతి సరిగ్గా చెప్పుంటే బాగుండేది. టబ్బులో దోమలు చేరకుండా నాలుగు గప్పీ చేపలు వేశాను, అవీ హాయిగా ఉన్నాయి.