తొట్టిని సొంతంగా బాగుచేసుకునేవారికి గాజువాక ఆటోనగర్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

మాది విశాఖ దగ్గరి ఆనందపురం మండలం. మా ట్రాక్టరు వెనక లాగే రెండు చక్రాల తొట్టి సరుగుడు కర్ర, ఇటుక, గ్రావెల్ మోసి మోసి కిందటి వేసవి నాటికి మూడు చోట్ల మొరాయించింది. కుడి చక్రం పక్కకు ఊగుతోంది, అడుగు రేకు తుప్పు పట్టి గ్రావెల్ దారిపొడవునా రాలుతోంది, వెనక లైట్లు వెలిగినప్పుడు వెలుగుతున్నాయి, లేనప్పుడు లేదు. పత్రాల్లో దీని పేరు ట్రైలర్ గాని ఊళ్లో అందరూ తొట్టి అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. వర్క్‌షాపువాళ్లు అడిగిన కూలీ, వాళ్లు చెప్పిన గడువు విన్నాక, చేతనైనంత పని ఇంటి దగ్గరే చేసుకుందామని సామాను కోసం నాలుగు దఫాలు గాజువాక ఆటోనగర్‌కు వెళ్లాను. ఈ సమీక్ష ఏదో ఒక దుకాణం గురించి కాదు. నాలాగా పనిముట్లు పట్టుకుని సొంతంగా దిగేవాడికి ఆ ప్రాంతం మొత్తం ఎలా ఉపయోగపడుతుందో, ఎక్కడ దెబ్బతీస్తుందో చెప్పడమే దీని ఉద్దేశం. ధరలు రాయడం లేదు. నేను వెళ్లిన నాలుగుసార్లలో ఇనుము ధర రెండుసార్లు మారింది.

ముందుగా బేరింగుల సంగతి చెప్పాలి, ఎందుకంటే నా సమయం ఎక్కువగా పోయిందీ, నేను ఎక్కువ నేర్చుకున్నదీ అక్కడే. తొట్టి చక్రం నడిమి భాగమైన హబ్బులో లోపలివైపు ఒక పెద్ద టేపర్ బేరింగు, బయటివైపు ఒక చిన్నది ఉంటాయి. మా తొట్టికి లోపలిది 32210, బయటిది 30207. ఈ అంకెలు చదవడం తెలిస్తే సగం పని అయినట్లే. చివరి రెండంకెలను ఐదుతో హెచ్చిస్తే ఇరుసు పట్టే రంధ్రం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది, అంటే మొదటిదానికి 50, రెండోదానికి 35. ఒక దుకాణంలో 32210 అడిగితే, కౌంటరు దగ్గరి మనిషి లోపలికి వెళ్లి వచ్చి డబ్బా మీద 30210 అని ఉన్నదాన్ని చేతిలో పెట్టి, "రెండూ ఒకటే బాబూ, అందరూ ఇదే వేస్తున్నారు" అన్నాడు. రంధ్రం 50, బయటి చుట్టు 90, రెండింటికీ సమానమే, అందుకే చేతిలో పట్టుకుంటే తేడా కనిపించదు. తేడా మందంలో ఉంది. 32210 మందం 24.75 మిల్లీమీటర్లు, 30210 మందం 21.75. మందం తగ్గి రోలర్లు పొట్టివి కావడం వల్ల అది మోయగలిగే బరువూ తక్కువే.

ఆ మాట నమ్మి ఇంటికి తెచ్చినందుకు తప్పు నాది కూడా. హబ్బు ఎక్కించి, గాట్లున్న నట్టు బిగించి, స్ప్లిట్ పిన్ను దూర్చబోతే, ఇరుసుకున్న రంధ్రం నట్టు గాట్లను దాటి బయటికి వచ్చేసింది. పిన్ను రంధ్రంలో దూరుతోంది గాని నట్టును పట్టుకోవడం లేదు. అంటే నట్టు తిరిగి వదులైపోతే ఆపేది ఏదీ లేదు, సరుగుడు లోడుతో వెళ్తుండగా చక్రం ఊడి రోడ్డున పడినా పడుతుంది. మర్నాడు దాన్ని తిరిగి తీసుకెళ్తే, "నట్టు వెనకాల వాషరు వేసుకోండి, సరిపోతుంది" అన్నారు. వాషరు వేస్తే పిన్ను గాట్లలోకి వచ్చే మాట నిజమే, కాని హబ్బు మూడు మిల్లీమీటర్లు లోపలికి జరిగి, గ్రీజు బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీలు చోటు తప్పుతుంది, బేరింగు బలం మాత్రం పెరగదు. డబ్బా విప్పారు కనుక వెనక్కి తీసుకునేది లేదన్నారు. ఆ డబ్బు పోయినట్లే లెక్క. రెండు వీధుల అవతల మరో దుకాణంలో ఒక పెద్దాయన నేను నంబరు చెప్పకముందే చెయ్యి చాచి, "ముందు పాతదాన్ని చూపించండి" అన్నాడు. గ్రీజు గుడ్డతో తుడిచి, కొలత పరికరం వెర్నియర్‌తో మూడు కొలతలూ తీసి, అప్పుడు డబ్బా విప్పాడు. ఆయన దుకాణంలో బేరం ఆడబుద్ధి కాలేదు.

బిగింపు గురించి కూడా ఆయన చెప్పిన పద్ధతే నేను పాటించాను. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నట్టు బిగించి, తిప్పుడు బరువెక్కాక దగ్గరి గాటు వరకు వెనక్కి వదిలి, చక్రం తేలిగ్గా తిరుగుతూ పక్కకు ఊగకుండా ఉందో లేదో చూసి పిన్ను వెయ్యాలి. గ్రీజు రోలర్ల మధ్యకు అరచేతితో ఒత్తి నింపాలి గాని, హబ్బు ఖాళీ అంతా కుక్కకూడదు, కుక్కితే వేడెక్కి సీలు దాటి బయటికి వస్తుంది.

ఇనుము విషయంలో ఆటోనగర్‌కు, ఆ చుట్టుపక్కల ఇనుప కొట్లకు మంచి మార్కులే వేస్తాను. అయితే విశాఖవాసులకు ఒక భ్రమ ఉంది, నాకూ ఉండేది. ఉక్కు కర్మాగారం ఊళ్లోనే ఉంది కనుక ఏ ఇనుము కొన్నా వైజాగ్ స్టీలే అనుకుంటాం. ఆ కర్మాగారం తయారుచేసేది కడ్డీలు, తీగచుట్టలు, యాంగిళ్లు, ఛానళ్లు వంటి పొడవు సరుకు మాత్రమే. రేకులు, ప్లేట్లు అక్కడ తయారు కావు. కాబట్టి తొట్టి అడుగున వేసే ఛానలు మన ఊరిది కావచ్చు గాని, పైన పరిచే చెకర్ ప్లేటు, అంటే బొడిపెలున్న రేకు, ఎక్కడో మరో చోటి నుంచి వచ్చినదే. అందుకని "వైజాగ్ స్టీల్ ప్లేటు" అంటూ ఎవరైనా ఊరిస్తే వెంటనే జేబు విప్పకుండా మందం కొలిచి చూసుకోవాలి.

మా తొట్టి అడుగు పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పాతది మూడు మిల్లీమీటర్ల రేకు, నేను నాలుగు మిల్లీమీటర్ల చెకర్ ప్లేటు తీసుకున్నాను. ఉక్కు ఒక చదరపు మీటరుకు, మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన నాలుగు మిల్లీమీటర్ల మందంతో మా అడుగుకు సుమారు 175 కిలోలు, పైన బొడిపెల బరువు కొంత అదనం. బిల్లులో బరువు ఈ లెక్కకు మరీ దూరంగా ఉంటే కాటా దగ్గర నిలబడి అడగవచ్చు, నేను అడిగాను, కాటా సరిగానే ఉంది. పాత మందంతో పోలిస్తే నలభై కిలోల పైచిలుకు తొట్టి బరువే పెరిగింది కనుక ఆ మేరకు లోడు తగ్గించుకోవాలి. మందం పెంచడాన్ని అందరూ మెరుగుదల అంటారు, ఈ తరుగు సంగతి ఎవరూ ఎత్తరు. అడుగున రెండు అడ్డదూలాలు తినిపోయి ఉంటే మీటరుకు ఏడు కిలోల పైచిలుకు తూగే 75 మిల్లీమీటర్ల ఛానలు కోయించి తెచ్చాను. గ్యాసుతో కాకుండా మిషను మీద కోయించుకుంటే అంచులు తిన్నగా వచ్చి ఇంటి దగ్గర గ్రైండింగు పని బాగా తగ్గుతుంది.

వెల్డింగు మిషను అద్దెకు దొరికింది, సింగిల్ ఫేజు మీద నడిచే చిన్న ఇన్వర్టర్ రకం. మిషను బాగుంది, రాడ్లతోనే తంటా వచ్చింది. మామూలు పనికి 6013 రాడ్డు చాలు, 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు నూరు ఆంపియర్ల అటూ ఇటూ పెట్టుకుంటే సరిపోయింది. బరువు మోసే ఛానలు అతుకులకని 7018 రాడ్లు అడిగితే, బల్ల మీద ఎన్నాళ్లుగానో విప్పి పెట్టిన ప్యాకెట్టులోంచి లెక్కపెట్టి ఇచ్చారు. సముద్రం పక్కన ఉన్న ఊరిలో ఆ రాడ్డు అలా గాలిలో పడి ఉంటే చెమ్మ పీల్చుకోక మానదు. వేసిన అతుకు స్పంజిలా చిల్లులు పడి, సుత్తితో కొడితే పెళుసుగా రాలింది. సీలు విప్పని ప్యాకెట్టు మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది. ఇంకొక మాట: వెల్డింగు ఎర్త్ క్లాంపును అతుకు పెట్టే చోటికి ఆనుకునే బిగించాలి. చక్రానికో, హబ్బుకో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి కొత్త రోలర్ల మీద గుంటలు పడతాయి. ట్రాక్టరు నుంచి తొట్టిని విప్పి పక్కన పెట్టాకే మిషను ఆన్ చేశాను. రేకును ఆ చివర నుంచి ఈ చివరకు ఏకబిగిన అతికించకుండా రెండంగుళాలు అతికి, కొంత వదిలి, మళ్లీ అతికితే రేకు వంకర పోలేదు. వదిలిన సందుల్లో మాత్రం ఉప్పుగాలి, వాన నీరు చేరతాయి కనుక వాటిని సీలెంటుతో మూసి, కిందివైపు రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేశాను. పై పూత కన్నా కింది పూతే ముఖ్యం, మా పాత రేకును తుప్పు కిందినుంచే తినుకుంటూ వచ్చింది.

ఆటోనగర్‌లో నాకు అన్నింటికన్నా నచ్చింది కరెంటు సామాను దుకాణం. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు కూడా మసకగా వెలుగుతున్నాయని చెప్పగానే అక్కడి కుర్రాడు బల్బుల జోలికే పోలేదు. "ఎర్త్ లేదండీ, హుక్కు పిన్ను మీదుగా వస్తోంది" అన్నాడు. ఏడు పిన్నుల సాకెట్టులో మూడోది, తెల్ల తీగ, ఎర్త్‌ది. మా తొట్టిలో ఆ తీగ ఎప్పుడో తెగిపోయి ఉంది. హుక్కు పిన్ను గ్రీజుతో నిండి ఉన్నప్పుడు కరెంటుకు వెనక్కి వచ్చే దారి దొరక్క పక్క లైట్ల గుండా పోతోంది. కొత్త తీగ కొలిచి ఇచ్చి, చివర్లకు లగ్గులు నొక్కి, కొత్త ఎల్ఈడీ లైట్లను బల్ల మీద పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలించి వెలిగించి చూపించి మరీ పొట్లం కట్టాడు. వెనక ఎరుపు, పక్కల పసుపు రిఫ్లెక్టర్ పట్టీలు కూడా అక్కడే తీసుకున్నాను. చీకట్లో హైవే మీద ఆగిన తొట్టిని వెనక నుంచి వచ్చే లారీ చూడగలిగేది వాటి వల్లనే.

బాడీ కట్టేవారి దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. పక్క రేకుల గురించి అడగడానికి వెళ్తే, అడగకుండానే "ఇంకో అడుగు ఎత్తు పెంచేద్దాం, రెండు ట్రిప్పులు ఒక్కటవుతాయి" అన్నారు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. చట్టం సంగతి అటుంచినా, అడుగు ఎత్తు పెరిగితే తడి గ్రావెల్ ఎంత ఎక్కువ పడుతుందో, ఆ బరువు ఇరుసుకు, కమాన్ కట్టకు (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట), ట్రాక్టరు బ్రేకుకు ఏం చేస్తుందో ఎత్తు పెంచే మనిషి లెక్కవేయడు. నేను వద్దన్నాను. పక్క రేకులు పాత ఎత్తులోనే కొత్తవి వేయించాను.

రెండు పనులు సొంతంగా ముట్టుకోలేదు. కమాన్ కట్టలో ఒక పట్టీ విరిగితే దాన్ని వెల్డింగుతో అతికే ప్రయత్నం చేయకూడదు, స్ప్రింగు ఉక్కు ఆ వేడికి తన గుణం పోగొట్టుకుని అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. అక్కడి కమ్మరి వంపు చూసి కొత్త పట్టీ వేసి ఇచ్చాడు, పనితనం బాగుంది, చెప్పిన సాయంత్రానికే ఇచ్చాడు. ఆ కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ-బోల్టులు మొదటి రెండు లోడ్ల తర్వాత మళ్లీ బిగించమని ఆయనే గుర్తుచేశాడు, బిగిస్తే నిజంగానే అర చుట్టు తిరిగాయి. ట్రాక్టరు హుక్కుకు తగిలించే డ్రాబారు రింగు బాగా అరిగిపోయి ఉంటే దాన్నీ వర్క్‌షాపుకే అప్పగించాను. అతుకు తప్పితే తొట్టి విడిపోయి వెనక వచ్చేవారి మీదికి పోతుంది, నాలాంటి నేర్చుకునేవాడు చేయి పెట్టవలసిన చోటు అది కాదు.

మొత్తం మీద ఐదుకు మూడున్నర వేస్తాను. సామాను వైవిధ్యానికి, కరెంటు కుర్రాడికి, కమ్మరికి అంతా ఇచ్చినా, సరుకు మార్చి అంటగట్టడానికి, విప్పిన డబ్బా వెనక్కి తీసుకోకపోవడానికి ఆ ఒకటిన్నర తగ్గించక తప్పలేదు. నేను ఒకసారి ఆదివారం వెళ్లి మూసిన షట్టర్లు చూసి వచ్చాను, మీరు వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లండి. కుడి చక్రం ఇప్పుడు ఊగడం లేదు, లోడు దింపిన ప్రతిసారీ హబ్బు మీద చెయ్యి వేసి వేడి చూస్తున్నాను. ఎడమ చక్రంలో పాత బేరింగులే ఉన్నాయి, వచ్చే నెల వాటికోసం మళ్లీ వెళ్లాలి. ఈసారి పాత బేరింగుతోపాటు వెర్నియర్ కూడా సంచిలో వేసుకుని వెళ్తాను.