కైరోప్రాక్టిక్ ఆర్నెల్లు, వ్యాయామం నాలుగేళ్ళు: ఒక టైలరమ్మ అనుభవం

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇరవై రెండేళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. మెడలో మొదలైన సలుపు రెక్క దాకా దిగడం ఎప్పట్నుంచో ఉన్నదే, పట్టించుకోలేదు. 2021 చివర్లో ఒకరోజు కింద పడ్డ బాబిన్ తీద్దామని వంగాను. అంతే, లేవలేకపోయాను.

మా అత్తగారు ముందు దిండు ఎండలో పెట్టించారు. తర్వాత ఎదురుకాళ్ళతో పుట్టిన పక్కింటి కుర్రాణ్ణి పిలిచి నా నడుం మీద మూడుసార్లు తన్నించారు. వాడు సిగ్గుపడి మెల్లిగా తన్నాడు కాబట్టే తగ్గలేదని ఆవిడ ఇప్పటికీ అంటారు.

బరంపురంలో ఎమ్మారై తీయిస్తే నడుం దగ్గర ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులాంటి డిస్క్ కొంచెం ఉబ్బిందన్నారు. నొప్పి లేనివాళ్ళకి తీసినా ఈ వయసులో చాలామందికి ఇలాగే కనిపిస్తుంది, భయపడకండి, వ్యాయామం చెయ్యండి అన్నారు డాక్టరుగారు. రోజంతా మెషీన్ తొక్కేదానికి ఇంకేం వ్యాయామం అని నాకు కోపం వచ్చింది. ఫోన్లో ఎముకలు టకటకలాడించే వీడియోలు చూసి విశాఖపట్నంలో ఒక కైరోప్రాక్టిక్, అంటే వెన్నుని చేత్తో సర్దే సెంటరుకి వెళ్ళాను.

ఇది 1895లో అమెరికాలో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. చెవుడు ఉన్న మనిషికి వెన్ను సర్దితే వినికిడి వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. ఆ కథ ముందే తెలిసుంటే కాస్త ఆగేదాన్నేమో.

పక్కకి తిప్పి పడుకోబెట్టారు. పై మోకాలు మడిచి, భుజాన్ని అటు, తుంటిని ఇటు తోసి ఒక్క కుదుపు. లేత బెండకాయ విరిచినట్టు చప్పుడు. అబద్ధమెందుకు, బల్ల దిగి నడుస్తుంటే ఒళ్ళు దూదిలా ఉంది. గుణుపురం ప్యాసింజర్లో జనం మధ్య ఇరుక్కుని మా ఊళ్ళో దిగేసరికి సగం హాయి అక్కడే పోయేది. మిగతా సగం మూడు రోజులు. ఆర్నెల్లూ ఇదే వరస. ఎముక జరిగింది, సర్దుతున్నాం అనేవారు. ఇరవై నాలుగు సిటింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టించుకున్నారు.

పదహారో సిటింగులో మెడ తిప్పారు. ఆ రాత్రంతా తల తిరిగింది. నాకేం కాలేదు గానీ, మెడని అలా విసురుగా తిప్పితే ఎప్పుడో ఒకరికి మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం చీరి పక్షవాతం రావచ్చని తర్వాత తెలిసింది. చాలా అరుదే. అయినా ఇంకెప్పుడూ నా మెడ మీద చెయ్యి వెయ్యనివ్వను.

అప్పుడు మా ఊళ్ళోనే ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరకి వెళ్ళాను. ఒడియా పిల్ల, నన్ను 'అపా' అంటుంది. ఆ టక్కుమనేది ఎముక జరిగిన చప్పుడు కాదు అపా, కీలులోని జిగురు నీటిలో గాలి బుడగ చప్పుడు అని నవ్వింది. ముందు కాళ్ళలో బలం చూసింది. ఒంటికి, రెంటికి పోయేది పట్టు తప్పినా, కాళ్ళ సందు మొద్దుబారినా, కాలు ఈడ్చుకుపోయినా వ్యాయామం అంటూ కూర్చోవద్దు, ఆ క్షణమే పెద్దాసుపత్రికి పరుగెత్తు అని చెప్పింది.

నేర్పింది మూడే. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తుంటి పైకెత్తడం. చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎడం చెయ్యి, కుడి కాలు ఒకేసారి చాచి పది లెక్కపెట్టడం, మళ్ళీ రెండోవైపు. మెడకి గడ్డం వెనక్కి లాక్కోవడం; నోటి కంపుతో ఎవరైనా మొహం మీదకి వచ్చి మాట్లాడితే వెనక్కి జరుగుతామే, సరిగ్గా అలా. ఆ పిల్ల "ఎకొ, దుయి, తిని" అని లెక్కపెట్టేది. ఇప్పుడు నేనూ ఒడియాలోనే లెక్కపెడతాను, తెలుగులో లెక్కపెడితే తొందరగా అయిపోతున్నాయి.

మొదటి మూడు వారాలు నొప్పి ఎక్కువైంది. మానేద్దామనుకున్నాను. రెండో నెలలో ఒకరోజు నీళ్ళ బిందె ఎత్తాక గుర్తొచ్చింది, నడుం గురించి ఆలోచించకుండానే ఎత్తానని.

వ్యాయామం కన్నా వడ్రంగి చేసిన మేలు తక్కువేం కాదు. కటింగ్ నేల మీద కూర్చుని చేసేదాన్ని. నడుమెత్తు బల్ల చేయించాను. మెషీన్ కింద చెక్కలు పెట్టి నాలుగంగుళాలు లేపాను. అరగంటకోసారి ఫోన్ మోగితే లేస్తాను, మధ్యలో హుక్కు కుడుతున్నా సరే. పొద్దున్నే మహేంద్రతనయ గట్టు వైపు నడక. నడుముకి కొన్న బెల్టు మాత్రం బీరువాలో ఉంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుం నొప్పికి ఇచ్చిన సూచనల్లో బెల్టులు వద్దనే ఉంది. అదే కాగితంలో వ్యాయామంతోపాటు వెన్నుని చేత్తో సర్దే వైద్యానికీ చోటిచ్చారు, అందుకని దాన్ని ఉత్త మోసం అనను. నడుం బాగా పట్టేసినప్పుడు నాలుగు రోజులు ఊపిరి తీసుకోనిస్తుంది. అంతకు మించి నాకు ఇవ్వలేదు.

నొప్పి పూర్తిగా పోయిందా అంటే లేదు. మొన్న దసరా రద్దీలో లైనింగ్ బట్టల మూట ఎత్తి మళ్ళీ పట్టేసింది. మంచమెక్కకుండా ఇంట్లోనే మెల్లగా తిరుగుతూ ఉంటే ఐదు రోజుల్లో సర్దుకుంది.

సెంటరు వాళ్ళ కార్డులో ఇంకా ఎనిమిది సిటింగులు మిగిలున్నాయి. డబ్బు తిరిగి ఇవ్వరట. కార్డు మెషీన్ సొరుగులో ఉంది, వెనక ఖాళీగా ఉంటే కస్టమర్ల కొలతలు రాసుకుంటున్నాను.