రోజూ బరువులెత్తడమా, రోజు విడిచి రోజా?

వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు కండబలం చూపిన ఉత్తరాంధ్ర నేల ఇది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిదీ ఇక్కడి శ్రీకాకుళం జిల్లాయే. విజయనగరం పక్కన కొండవెలగాడలో పిల్లలకు బరువులెత్తే ఇనుప బార్ కొత్త కాదు. అందుకే ఇక్కడి కుర్రాళ్లు తరచూ అడుగుతారు: రోజూ ఎత్తాలా, మధ్యలో ఆగాలా?

ఖర్చు: రోజూ అయితే గుడ్లు, పాలు, పప్పు ఎక్కువే కావాలి. విడిచి ఎత్తితే కొంత తగ్గుతుంది. అలాగని విరామం రోజున తిండి కోయకూడదు, కండ బాగుపడేది అప్పుడే.

శ్రమ: రోజూ వెళ్లడం అలవాటుగా మారి తేలికవుతుంది. విడిచి వెళ్లేవారికి బద్ధకమే శత్రువు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. గట్టిగా ఎత్తిన కండరం కోలుకోవడానికి 48 గంటల దాకా పట్టవచ్చు. ఒకసారి నేను పట్టుదలకు పోయి రెండు వారాలు ఆగకుండా ఎత్తాను. భుజాలు దాటే బార్ మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. మర్నాడు చెప్పులు తొడుక్కోవడానికి గోడ పట్టుకున్నాను. నాలుగు రోజులు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాక అదే బరువు లేచింది!

ఎవరికి ఏది: పోటీలకు వెళ్తూ, పక్కన కోచ్ ఉన్నవారికి రోజూ సాధన సరే. అయితే బరువు రోజు తర్వాత తేలిక రోజు ఉండాలి. కొత్తవారికి, ఉద్యోగులకు రోజు విడిచి రోజే మేలు. నాట్ల కాలంలో నారు కట్టలు మోసేవారు ఆ రోజుకు బార్ ముట్టుకోనక్కర్లేదు.