పైథాన్ ట్యూటర్: నెక్స్ట్ నొక్కే ముందు ఆగితేనే ప్రయోజనం

నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ బోధించే నేను మూడు సెమిస్టర్లుగా పైథాన్ ట్యూటర్ అనే ఉచిత వెబ్‌సైట్‌ను ల్యాబ్‌లో వాడుతున్నాను. పాఠం చెప్పడానికి దీన్ని వాడేవారు చాలామందే ఉన్నారు. విద్యార్థికి మూలభావన ఎంతవరకు అర్థమైందో తెలుసుకోవడానికి ఇది ఏ మేరకు పనికివస్తుందన్నదే ఇక్కడ నేను పరిశీలించిన విషయం.

కంప్యూటర్ సైన్స్ పరిశోధకుడు ఫిలిప్ గువో 2010లో రూపొందించిన ఈ సాధనంలో పైథాన్‌తో పాటు జావా, సీ, సీ ప్లస్ ప్లస్, జావాస్క్రిప్ట్ భాషల ప్రోగ్రాములు కూడా నడుస్తాయి. ఒక్కో లైను అమలవుతున్న కొద్దీ మెమరీలో ఏ పేరు ఏ విలువను చూపుతోందో బొమ్మగా కనిపిస్తుంది. అప్పుడే పూర్తయిన లైనుకు ఆకుపచ్చ బాణం, తర్వాత నడవవలసిన లైనుకు ఎర్ర బాణం ఉంటాయి. నెక్స్ట్ బటన్ నొక్కితే ఒక్కో అడుగు ముందుకు నడుస్తుంది, వెనక్కి కూడా వెళ్లవచ్చు.

మన పరీక్షల్లో రికర్షన్ (ఒక ఫంక్షన్, అంటే పేరు పెట్టిన కోడ్ భాగం, తనను తానే పిలుచుకోవడం) అంటే ఏమిటో రాయమంటే విద్యార్థులు నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా రాస్తారు. ల్యాబ్ రికార్డును పక్కవారిది చూసి నింపుతారు, ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు వైవాలో నాలుగు జవాబులు చెప్పి బయటపడతారు. ఇది మన జిల్లాకే పరిమితమైన సంగతి కాదు. 2004లో ప్రోగ్రామింగ్ బోధనపై పరిశోధించే రేమండ్ లిస్టర్ బృందం పలు దేశాల్లో జరిపిన పరిశీలనలో, చిన్న కోడ్‌ను చదివి దాని ఫలితం చెప్పడంలోనే చాలామంది విద్యార్థులు తడబడుతున్నట్టు తేలింది.

మొదటి సెమిస్టర్‌లో నేను ప్రొజెక్టర్ మీద నెక్స్ట్ బటన్ నొక్కుతూ పోయాను. అందరూ తలలూపారు, ఇంటర్నల్ పరీక్షలో మాత్రం పాత తప్పులే మళ్లీ వచ్చాయి. అందుకే ఇప్పుడు ఎర్ర బాణం దగ్గర ఆగి, ఆ లైను నడిచాక బొమ్మ ఎలా మారుతుందో ముందుగా కాగితం మీద గీయమంటున్నాను. ఆ కాగితాలు తీసుకున్న తర్వాతే బటన్ నొక్కుతాను.

ఉదాహరణకు, ఒక ఫంక్షన్‌కు ఎన్ విలువగా 3 ఇస్తాము. ఎన్ సున్నా కంటే ఎక్కువైతే ఆ ఫంక్షన్ ముందుగా ఎన్ మైనస్ 1తో తనను తాను పిలిచి, ఆ తర్వాత ఎన్‌ను ప్రింట్ చేస్తుంది. సరైన జవాబు 1, 2, 3. చాలామంది 3, 2, 1 అని రాస్తారు. అలా రాసినవారి బొమ్మ చూస్తే, ఒకే పెట్టె గీసి అందులో 3 కొట్టేసి 2, 2 కొట్టేసి 1 అని వేసి ఉంటుంది. అంటే వారి మనసులో రికర్షన్ ఒక లూప్‌గానే, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసేదిగానే ఉన్నదన్నమాట. ప్రతి కాల్‌కు (ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారికీ) సొంత ఎన్ ఉంటుందనీ, లోపలి కాల్ ముగిసేదాకా బయటిది ఎదురుచూస్తుందనీ వారికి తట్టలేదు. ఫ్యాక్టోరియల్ అడిగి ఉంటే ఈ లోపం బయటపడేది కాదు, ఎందుకంటే 3 ఫ్యాక్టోరియల్ 6 అని వారికి లెక్కల క్లాసు నుంచే తెలుసు. పైథాన్ ట్యూటర్‌లో 3, 2, 1, 0 అనే నాలుగు ఎన్‌లకు నాలుగు పెట్టెలు ఒకదాని కింద ఒకటి పేరుకోవడం చూసి, తమ బొమ్మతో పోల్చుకున్నప్పుడు ఏ చోట దారి తప్పారో వారే వేలు పెట్టి చూపిస్తారు.

నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం మరొకటుంది. దేవరకొండ, మునుగోడు వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిషులో వివరించమంటే నీళ్లు నములుతారు. ఒకే లిస్టుకు (విలువల జాబితాకు) రెండు పేర్లు ఉంటే బొమ్మలో రెండు బాణాలూ ఒకేచోటికి చేరాలని గీసి చూపించినది మాత్రం వారే. వారికి కావలసింది భాష మీద పట్టును కాక, అర్థమైనదాన్ని కొలిచే ప్రశ్న.

పరిమితులు లేకపోలేదు. ఇంటర్నెట్ తప్పనిసరి. ఫైళ్లు చదివే ప్రోగ్రాములు, అమలయ్యే అడుగుల సంఖ్య ఎక్కువయ్యే పెద్ద లూపులు ఇందులో కుదరవు; కాబట్టి ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునే తరగతులకే దీన్ని సిఫారసు చేస్తాను. మార్కులు వేయడం, తప్పులను వర్గీకరించడం దీని పని కాదు. అరవై కాగితాలనూ అధ్యాపకులే కూర్చుని చదవాలి.

కోడ్‌ను లింకుగా పంపుకునే వీలు కూడా ఉంది. అయితే లింకు చేతికందితే జవాబు ఒక్క క్లిక్కులో తెలిసిపోతుంది. కనుక ప్రశ్నను బోర్డు మీదే రాసి, కాగితాలు చేతికి వచ్చాకే లింకును వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను.