చిన్న వైరస్సా, పెద్ద వైరస్సా: ఏది మేలు?

పోలియో వైరస్ వ్యాసం దాదాపు 30 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). ఒక మిల్లీమీటరు గీత మీద వాటిని పక్కపక్కన పేరిస్తే 33 వేల దాకా పడతాయి. ఇటుక ఆకారంలో ఉండే మశూచి వైరస్ పొడవు సుమారు 300 నానోమీటర్లు. సాధారణ సూక్ష్మదర్శినికి అందే హద్దు ఇంచుమించు 200 నానోమీటర్లు కాబట్టి మశూచి కుటుంబపు వైరస్‌లు తగిన రంగు పట్టిస్తే అందులో చుక్కల్లా కనిపిస్తాయి. పోలియోను చూడాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలసిందే. పొడవులో తేడా పది రెట్లే అయినా ఘనపరిమాణంలో అది వెయ్యి రెట్లు. రెండూ మనిషినే నమ్ముకొని బతికినవి గనుక, చిన్నదిగా ఉండడంలో లాభమెంతో తూచడానికి ఈ జంట చక్కగా సరిపోతుంది.

పోలియోది మహా పొదుపైన సంసారం. దాని జన్యుపదార్థం సుమారు 7,500 అక్షరాల (జన్యు సమాచారాన్ని రాసే రసాయన ముక్కల) ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ మాత్రమే. అంత కొద్దిపాటి రాతలో రకరకాల ప్రొటీన్లకు చోటుండదు కాబట్టి, నాలుగు రకాల ప్రొటీన్లనే ఒక్కొక్కటి 60 ప్రతుల చొప్పున పేర్చి తన డొల్లను కట్టుకుంటుంది. చిన్న వైరస్‌లకు ఒకే ఇటుకను మళ్లీ మళ్లీ వాడక తప్పదని డీఎన్‌ఏ ఆకృతిని కనిపెట్టిన క్రిక్, వాట్సన్ 1956లోనే వాదించారు. కొవ్వు పొర లేని ఈ డొల్ల జీర్ణాశయంలోని ఆమ్లానికి కూడా చెక్కుచెదరదు.

మశూచికి సుమారు 1,86,000 అక్షర జంటల డీఎన్‌ఏ, 200 దాకా జన్యువులు ఉన్నాయి. అందుకే అది కణకేంద్రకం జోలికి పోకుండా తన జన్యువులను చదివే ఎంజైమును తానే వెంట తెచ్చుకుంటుంది. మన రోగనిరోధక శక్తిని మభ్యపెట్టే ప్రొటీన్లను సైతం తయారుచేయిస్తుంది. అయినా ప్రొటీన్లను తయారుచేసే యంత్రాలైన రైబోజోములు దానికీ లేవు, ప్రొటీన్ల కోసం కణం గడప తొక్కవలసిందే.

అసలు తేడా నకలు తీయడంలో ఉంది. పోలియో ఎంజైము రాసినదాన్ని సరిచూసుకోదు; ఇంచుమించు పదివేల అక్షరాలకు ఒక తప్పు చేస్తుంది. 7,500 అక్షరాలకు ఆ లెక్కన సగటున ప్రతికి ఒక తప్పైనా పడదు. అదే ఎంజైము మశూచి జన్యువులను రాస్తే ప్రతి నకలులోనూ పద్దెనిమిది తప్పులు దొర్లి, వంశం నిలవడమే కష్టమయ్యేది. పెద్ద వైరస్‌కు ఒద్దికైన లేఖకుడు ఉండి తీరాలి. (దాదాపు 30 వేల అక్షరాలున్న కరోనా వైరస్ ఆర్‌ఎన్‌ఏ జాతిదే అయినా, తప్పులు దిద్దే ఎంజైమును ప్రత్యేకంగా పోషిస్తుంది.)

మనుగడే కొలమానమైతే నా మొగ్గు చిన్నదాని వైపే. మశూచి నిర్మూలనను 1980లో ప్రకటించారు. పోలియో వైరస్‌లోని మూడు రకాల్లో మొదటిది మాత్రం అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లలో ఇంకా మిగిలింది. ఇది పరిమాణం ఒక్కదాని మహిమే అనడం తొందరపాటు. మశూచి ఒంటి మీద పొక్కులై బయటపడేది, పోలియో సోకినవారిలో దాదాపు 200 మందికి ఒకరికే పక్షవాతం వస్తుంది, మిగిలినవారు తెలియకుండానే దాన్ని పంచుతారు. అయితే ఆ నకలు తప్పుల బెడద చుక్కల మందునూ తాకింది. టీకాలు సరిగా అందని చోట్ల బలహీనపరచిన టీకా వైరస్ చాలాకాలం తిరుగుతూ, మార్పులు పోగుచేసుకొని మళ్లీ పక్షవాతం కలిగించిన సందర్భాలున్నాయి. అందుకే రెండో రకానికి రూపొందించి 2021 నుంచి వాడుతున్న కొత్త చుక్కల మందులో, శాస్త్రవేత్తలు ఆ నకలు తీసే ఎంజైమునే కాస్త మార్చి, తప్పులు తక్కువ చేసేలా తీర్చారు.