పటిక బకెట్ దగ్గర బీటెక్, ఎంబీఏ: నల్లగొండ ఉమ్మడి ప్రాజెక్టు కోర్సు ఎలా ఉంది?

నల్లగొండ దగ్గరి ఒక యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్, టెక్నాలజీ స్కూల్ నడుపుతున్న ఉమ్మడి ప్రాజెక్టు కోర్సు ఇది. అంశం ఫ్లోరైడ్ నీళ్లు. ఒక్కో జట్టులో ముగ్గురు బీటెక్, ఇద్దరు ఎంబీఏ. మొత్తం నాలుగు క్రెడిట్లు, రెండు పాఠాలకు, రెండు ప్రాక్టికల్స్‌కు. పాఠానికైతే క్రెడిట్‌కు 15 గంటలు, ప్రాక్టికల్‌కైతే 30 గంటలు. అంటే సెమిస్టర్‌లో 90 గంటలు. ఇందులో ఒక్క గంట కూడా వదులుకునేది కాదు, అయితే లోపాలు తెలుసుకునే చేరాలి.

అంశం ఎంచుకున్నందుకే పూర్తి మార్కులు వేయొచ్చు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని ఈ జిల్లా పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఒక బకెట్ ఉంటే చాలు. ఇంత తేలికైన పద్ధతి ఇళ్లలో అలవాటుగా ఎందుకు నిలవలేదు? కెమిస్ట్రీ ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు, మార్కెటింగ్ పాఠం ఒక్కటే కూడా చెప్పలేదు. రెండు స్కూళ్లను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ ప్రాంతంలో దొరకదు.

ల్యాబ్ భాగం చాలా బాగుంది. మొదట బోరు నీళ్ల క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణం కొలిపిస్తారు, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేషన్. పటిక మోతాదు ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టి తేలదు, క్షారతను బట్టి కూడా మారుతుంది. క్షారత తక్కువున్న నీళ్లలో పటిక ఎక్కువ పడితే పీహెచ్ పడిపోతుంది, పటికలోని అల్యూమినియం నీళ్లలోనే కరిగి మిగిలిపోతుంది. తర్వాత సరైన పటిక మోతాదు తేల్చే జార్ టెస్ట్. ఆరు బీకర్లలో లీటరు చొప్పున నీళ్లు, ముందు సున్నం, ఆపైన వేర్వేరు మోతాదుల్లో పటిక ద్రావణం. సున్నం పటికలో దాదాపు ఇరవయ్యో వంతు. నిమిషానికి 100 చుట్లతో ఒక నిమిషం, 20-30 చుట్లతో పావుగంట తిప్పి, గంటసేపు కదపకుండా వదిలి, పైనీళ్లు తీసి పరీక్షిస్తారు.

ఎక్కువ జట్లు దెబ్బతినేది ఈ పరీక్షలోనే. రంగు మార్పును బట్టి ఫ్లోరైడ్ కొలిచే చవకైన స్పాడ్‌న్స్ పద్ధతిని అల్యూమినియం తప్పుదోవ పట్టిస్తుంది, ఉన్న ఫ్లోరైడ్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. పటిక వేసిన నీళ్లలో అల్యూమినియం ఉంటుంది కాబట్టి ఫలితం అద్భుతంగా కనబడుతుంది, అది నిజం కాదు. ఫ్లోరైడ్‌ను మాత్రమే పట్టి కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ వాడి, నమూనాకు సమానంగా టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలిపితే ఫ్లోరైడ్ మీద అల్యూమినియం పట్టు వదులుతుంది, అసలు అంకె బయటపడుతుంది. ఎలక్ట్రోడ్ సరిగా ఉందా అన్నది రీడింగ్ చెప్పేస్తుంది. ఫ్లోరైడ్ పదింతలు పెరిగితే 25 డిగ్రీల దగ్గర 56 నుంచి 59 మిల్లీవోల్ట్‌ల తేడా రావాలి. ఈ ఉచ్చును పిల్లలతోనే పట్టించే క్లాసు ఈ కోర్సుకు ప్రాణం. కానీ ఆరు జట్లకు ఒకటే ఎలక్ట్రోడ్. క్యూలో విసిగిపోయి స్పాడ్‌న్స్ అంకెలతోనే రిపోర్టు ముగించే జట్లుంటాయి. స్కూల్ వెంటనే సరిదిద్దాల్సిన లోపం ఇది.

ఎంబీఏ పిల్లల చేతికి పని వచ్చేది బకెట్ లెక్కలో. లీటరుకు 400 మిల్లీగ్రాముల పటిక అని తేలిందనుకుందాం. 40 లీటర్ల బకెట్‌కు 16 గ్రాములు, నెలకు దాదాపు అర కిలో. రోజూ పొద్దున్నే వంటింట్లో 16 గ్రాములు ఎవరు తూస్తారు? చెంచాతో కొలిస్తే పొడి మెత్తదనాన్ని బట్టి బరువు మారుతుంది. లీటరు నీళ్లలో 100 గ్రాముల పటిక కరిగించి పెట్టుకుంటే 160 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది, గ్లాసు మీద ఒక గీత చాలు. ఇలాంటి చిన్న జవాబు ఇద్దరూ కలిసి కూర్చుంటేనే పుడుతుంది. కుళాయి బకెట్ అడుగు నుంచి ఐదు సెంటీమీటర్ల పైన బిగించకపోతే మడ్డి కూడా గ్లాసులోకి వస్తుంది. ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలన్న గడి మాత్రం చాలా రిపోర్టుల్లో ఖాళీగానే ఉంటుంది. తీసేసిన ఫ్లోరైడ్ అంతా అందులోనే ఉందని గైడ్లు గట్టిగా అడగాలి.

సర్వే పాఠం సగమే నేర్పుతోంది. ఇప్పుడు మర్రిగూడ, మునుగోడు ఊళ్లకు కూడా మిషన్ భగీరథ నల్లా వచ్చింది. "భగీరథ నీళ్లు తాగుతున్నారా?" అని అడిగితే అవునని చెప్పడం తేలిక. "అమ్మా, నిన్న అన్నం ఏ నీళ్లతో వండిండ్రు? చాయ్ ఏ నీళ్లతో పెట్టిండ్రు?" అని అడిగితేనే బోరు, నల్లా, ఆర్‌వో క్యాన్ విడివిడిగా బయటికొస్తాయి. ఆర్‌వో గురించి ఒక లెక్క సిలబస్‌లో చేర్చాలి. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో సగం శుద్ధి చేసి సగం వదిలేస్తే, వదిలిన నీళ్లలో అది దాదాపు 6 అవుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు.

మార్కుల పద్ధతి నచ్చలేదు. ల్యాబ్ అధ్యాయం బీటెక్ గైడ్, ఖర్చు అధ్యాయం ఎంబీఏ గైడ్ విడివిడిగా దిద్దుతారు. దాంతో పిల్లలూ విడివిడిగానే రాసి చివర్లో రెండూ కలిపి కుడతారు. వైవాలో బీటెక్ విద్యార్థిని ఖర్చు అడగాలి, ఎంబీఏ విద్యార్థిని టిసాబ్ ఎందుకో అడగాలి. బత్తాయి గ్రేడింగ్ మీద ఇదే స్కూల్ పెట్టిన రెండో ప్రాజెక్టుదీ ఇదే జబ్బు. కెమెరా కాయ సైజు పట్టుకుంది, మండీలో తరుగు ఎలా తీస్తారో మాత్రం ఎవరూ రాయలేదు.

చేరేవాళ్లు జనవరిలో మొదలయ్యే సెమిస్టర్‌నే ఎంచుకోండి. ఎండాకాలంలో నీటిమట్టం దిగాక అదే బోరు నుంచి రెండో నమూనా పట్టి పోల్చుకోవచ్చు. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి. బోరు కొన్ని నిమిషాలు పారనిచ్చాక నింపి, తేదీ, బోరు లోతు సీసా మీదే రాయండి.